మెలే అంటే కలబడుడే

ఇంగ్లీషు పేపర్లో జాతర వార్తో ధర్నా వార్తో వచ్చిందంటే, రెండో పేరాలోనో మూడో పేరాలోనో 'ఇన్ ది మెలే' అన్న ముక్క తగలకుండా ఉండదు. అదే వార్త తెలుగులోకి వచ్చేసరికి ఒక పేపర్లో తోపులాట, ఇంకో దాంట్లో తొక్కిసలాట, టీవీ కింద పరిగెత్తే అక్షరాల్లో ఘర్షణ. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర జరిగింది ఒకటే. చదివినవాళ్లకు మాత్రం మూడు వేర్వేరు సంగతులు జరిగినట్టుంటది. తప్పు రాసినవాళ్లది అనేకన్నా, ఆ మాట కడుపులో ఏముందో చూడకుండా నిఘంటువులో మొదటి అర్థం ఎత్తుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది అనాలి.

ముందు పలకడం. 'మెలే' (melee). బ్రిటిష్ వాళ్లు మొదటి అక్షరం మీద ఊని 'మె'ను పొట్టిగా అంటారు. అమెరికా వాళ్లు 'మేలే' అని మొదటిదాన్ని సాగదీస్తారు. రెండూ ఒప్పే. 'మిలీ', 'మీలీ', 'మలీ' మాత్రం తప్పు. చివర రెండు 'ఇ'లు కనబడగానే మనకు 'ఈ' అని నోరు తిరుగుతుంది, కానీ ఇది ఫ్రెంచి ఇంటి నుంచి వచ్చిన మాట. అక్కడ చివరి రెండు అక్షరాల్లో మొదటిదాని నెత్తిన ఒక ఏటవాలు గీత ఉంటుంది, దాన్ని 'ఏ' అనే పలకాలి. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఆ గీతతో పాటే అచ్చువేసేవాళ్లు. ఇప్పుడు పేపర్లన్నీ గీతలు తీసేశాయి, దాంతో ఉచ్చారణకున్న ఆనవాలు కూడా పోయింది.

ఆ ఫ్రెంచి రాతలో (mêlée) ఇంకో గుర్తు కూడా ఉంది. 'మె' మీద చిన్న టోపీ. అది అలంకారానికి పెట్టింది కాదు, చచ్చిపోయిన ఒక 'స' సమాధి. పాత ఫ్రెంచిలో ఈ మాట 'మెస్లే'. నోట్లో 'స' అరిగిపోయింది, రాతలో మాత్రం చాలాకాలం వేలాడింది. 1740లో ఫ్రెంచి అకాడమీ తన నిఘంటువు మూడో కూర్పులో ఇలాంటి పలకని 'స'లను వందల మాటల్లోంచి తీసేసి, చాలాచోట్ల వాటి జాగాలో ఆ టోపీ పెట్టింది. ఫ్రెంచి వాళ్ల 'ఒపితాల్', 'ఫోరే' ఇంగ్లీషులో హాస్పిటల్, ఫారెస్ట్ అయ్యాయి కదా, ఆ రెండు ఫ్రెంచి మాటల మీద కూడా ఇదే టోపీ. ఇంగ్లీషు వాడు 'స' పోకముందే ఎత్తుకుపోయాడు కాబట్టి వాడి దగ్గర అది బతికే ఉంది. ఫ్రెంచి మాట మీద టోపీ కనబడితే దాని కింద ఒక 'స'ను ఊహించుకుని చూడండి, సగం మాటలు తెలిసినవే అవుతాయి.

ఆ 'స' ఎందుకు ముఖ్యమంటే, అది దొరికితేనే వేరు దొరుకుతుంది. మెస్లే అన్నది 'మెస్లేర్' అన్న క్రియ నుంచి వచ్చింది. మెస్లేర్ అంటే కలపడం. లాటిన్‌లో 'మిస్కేరే', కలపడమే. దాని నుంచి వాడుక లాటిన్‌లో 'మిస్కులారే', అక్కడి నుంచి మెస్లేర్. మెలే అంటే వ్యాకరణం ప్రకారం 'కలిసిపోయినది'. అంతే. అందులో కొట్టడం లేదు, తిట్టడం లేదు, రక్తం లేదు. ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు దూరిపోయి ఎవరు ఎటువైపో తెలియకుండా పోయిన స్థితికి పెట్టిన పేరు అది. 12వ శతాబ్దం నాటి ఫ్రెంచిలోనే దానికి రెండు అర్థాలూ ఉన్నాయి: మిశ్రమం, గుంపు కొట్లాట.

మిశ్రమం అన్న మాట ఇక్కడ ఊరికే వాడలేదు. లాటిన్ మిస్కేరే, సంస్కృతం 'మిశ్ర' ఒకే ఇండో-యూరోపియన్ వేరుకు పుట్టిన అన్నదమ్ములు. ఇంగ్లీషు 'మిక్స్' కూడా ఆ లాటిన్ కొమ్మే. అంటే ఎరువుల దుకాణం బస్తా మీద ఉన్న మిశ్రమ ఎరువుకూ, పేపర్లో మెలేకూ చుట్టరికం ఉంది. చూడటానికి దగ్గరగా కనిపించే 'మేళా'తో మాత్రం ఏ సంబంధమూ లేదు. మేళా, మేళనం, మేళవింపు, సమ్మేళనం ఇవన్నీ సంస్కృతంలో 'మిల్' అన్న ధాతువువి, కలుసుకోవడం అని అర్థం. అర్థం పక్కపక్కనే ఉండి, శబ్దం కూడా దగ్గరగా ఉండేసరికి 'మెలే మన మేళాయే' అని చెప్పేవాళ్లు దొరుకుతారు. వినడానికి బాగుంటది గానీ నిలబడదు.

సంస్కృతం పక్కనపెట్టి తెలుగులోనే చూస్తే ఇంకా మంచి సంగతి ఉంది. ఫ్రెంచి వాడు 'కలపడం' నుంచి కొట్లాటను ఎట్లా తెచ్చుకున్నాడో, మనమూ అట్లే తెచ్చుకున్నాం. కలబడటం. పాత రూపం కలియబడు: కలియు, పడు. 'బస్టాండ్ల ఇద్దరు కలెబడ్డరు' అన్నప్పుడు వాళ్లు స్నేహంగా కలిశారని ఎవరూ అనుకోరు. కానీ మాటలో ఉన్నది మాత్రం కలవడమే. పెనుగులాట కూడా ఇట్లాంటిదే: పెనగడం అంటే మెలివడటం, తాడు పెనవేసుకున్నట్టు ఒంటికి ఒళ్లు చుట్టుకోవడం. కాబట్టి మెలేకు తెలుగు వెతికేవాళ్లు ముందు నిఘంటువు తెరవాల్సిన పని లేదు. మెలే అంటే గుంపు గుంపంతా కలబడుడే.

దీనికి శిష్టభాషలో సరిగ్గా సరిపోయే జోడీ కూడా ఉంది: సంకుల సమరం. సంకులం అంటే కిక్కిరిసినది, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినది. దాని పక్కింటి మాట సంకీర్ణం (సంకీర్ణ ప్రభుత్వాలలో ఒక్కోసారి రెండు అర్థాలూ కనబడతాయి, అది వేరే సంగతి). భారత యుద్ధపర్వాలు చదివినవాళ్లకు తెలుసు, అక్కడ పోరు రెండు రకాలు. ఇద్దరు వీరులు పేరుపేరునా పిలుచుకుని ఎదురెదురుగా నిలబడితే ద్వంద్వ యుద్ధం. వ్యూహాలు చెదిరి, రథాలూ ఏనుగులూ గుర్రాలూ కాల్బలాలూ ఒకదాంట్లో ఒకటి దూరితే సంకుల యుద్ధం. ద్రోణపర్వంలో 14వ రోజు సైంధవుడు చచ్చాక కూడా యుద్ధం ఆగకుండా రాత్రిలోకి సాగుతుంది కదా, మెలే అంటే ఏమిటో చెప్పడానికి దాన్ని మించిన ఉదాహరణ లేదు. చీకటి, దుమ్ము, ఎవరు మనవాడో ఎవరు పగవాడో కనబడదు. నోటితో పేరు చెప్పుకుంటే తప్ప గుర్తుపట్టలేని పరిస్థితి. చివరికి దుర్యోధనుడు కాల్బలాన్ని ఆయుధాలు వదిలి దివిటీలు పట్టమంటాడు. దెబ్బల లెక్క తర్వాత, ముందు గుర్తుపట్టలేకపోవడం ఉంది చూడండి, అదే మెలే.

ఐరోపాలోనూ ఇదే జోడీ. 12వ శతాబ్దంలో ఉత్తర ఫ్రాన్సులో టోర్నమెంట్లు అని జరిగేవి. టోర్నమెంట్ అంటే ఇవాళ మనకు పాలమూరులో వాలీబాల్ పోటీ గుర్తొస్తది. అప్పట్లో అది రెండు పక్షాల గుర్రపు రౌతులు, ఊళ్ల మధ్య మైళ్ల కొద్దీ పొలాల్లో, నిజం కత్తులతో ఒకరి మీద ఒకరు పడటం. తొలి ఊపులో వరుసగా ఈటెలతో దూకేవాళ్లు, ఆ వరుసలు ఢీకొని చెదిరాక జరిగేదే మెలే. ఇద్దరు రౌతులు ఎదురెదురుగా ఈటెలతో ఢీకొనే జౌస్ట్ అన్నది వేరు. సినిమాల్లో చూపేది ఎక్కువగా అదే, మొదట్లో అసలు ఆకర్షణ మాత్రం మెలేదే. జౌస్ట్ ద్వంద్వం, మెలే సంకులం, లెక్క సరిపోయింది.

ఆ మెలేలో చంపడం కాదు లక్ష్యం, పట్టుకోవడం. ఎదుటి రౌతు గుర్రం కళ్లెం దొరకబుచ్చుకుని లాక్కుపోతే వాడి గుర్రమూ కవచమూ నీవే, విడిపించుకోవడానికి వాడు పైకం కూడా ఇవ్వాలి. విలియం మార్షల్ అని ఒక ఇంగ్లీషు రౌతు, ఆస్తి లేని చిన్నకొడుకు, తన జతగాడితో కలిసి ఏడాది లోపే 103 మందిని ఇట్లా పట్టాడని ఆయన జీవితం గురించి రాసిన పాత కావ్యం లెక్క చెబుతుంది. ఆయన తర్వాత ఇంగ్లండుకు రాజప్రతినిధి కూడా అయ్యాడు, 1219లో పోయాడు. చర్చి మాత్రం ఈ ఆటను ఒప్పుకోలేదు. 1130లో క్లెర్మోంట్‌లో జరిగిన సభ దీన్ని నిషేధించి, ఇందులో చచ్చినవాడికి చర్చి శ్మశానంలో చోటు లేదని తీర్మానించింది. ఎవరూ మానలేదనుకోండి.

ఇంగ్లీషులోకి ఈ మాట ఒక్కసారి రాలేదు. మూడు నాలుగు సార్లు వేర్వేరు వేషాల్లో వచ్చింది, ఒకే మనిషి ఒకే ఊరికి ఒక్కోసారి ఒక్కో పేరు చెప్పుకుని వచ్చినట్టు. 1300 ప్రాంతంలో 'మెడ్లీ' అయి వచ్చింది. ఇవాళ మెడ్లీ అంటే పాటల కలగలుపు అనుకుంటాం, కానీ వచ్చిన కొత్తలో దాని అర్థం చేతికి చేయి తగిలే యుద్ధం. మిశ్రమం అన్న అర్థం 15వ శతాబ్దంలో, రకరకాల రాగాల కూర్పు అన్న అర్థం 17వ శతాబ్దంలో వచ్చాయి. అదే కాలంలో వచ్చిన ఇంకో రూపం 'మెడిల్': మొదట కలపడం, తర్వాత కలగజేసుకోవడం, ఇప్పుడు పిలవని పేరంటానికి పోయి వేలుపెట్టడం. 16వ శతాబ్దంలో 'పెల్-మెల్' వచ్చింది: ఆగమాగంగా, ఎట్లపడితే అట్ల. ఇందులో 'పెల్'కు సొంత అర్థమేమీ లేదు, మెల్‌కు ప్రాసగా తగిలించిన తోక. మనం పప్పుగిప్పు, లొల్లిగిల్లి అన్నట్టే, కాకపోతే వాళ్లకు తోక ముందర వచ్చింది. చివరికి 1640ల్లో, పాత రూపాల్లో యుద్ధం వాసన పోయిన తర్వాత, మెలేను ఫ్రెంచి నుంచి మళ్లీ కొత్తగా తెచ్చుకున్నారు. అందుకే అది ఇప్పటికీ పరాయి ఉచ్చారణతోనే తిరుగుతోంది.

పెల్-మెల్‌కు నౌకాయుద్ధంలో ఒక పెద్ద గుర్తు ఉంది. 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ దగ్గర బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ చేతిలో 27 పెద్ద యుద్ధనౌకలు, ఎదుట ఫ్రెంచి-స్పెయిన్ జట్టువి 33. ఆ రోజుల్లో పద్ధతి ఏమిటంటే రెండు పక్షాలూ ఓడల వరుసలు కట్టి పక్కపక్కన సాగుతూ ఫిరంగులు కాల్చుకోవడం. నెల్సన్ తన ఓడలను రెండు బారులు చేసి ఎదుటి వరుసలోకి అడ్డంగా దూర్చాడు. కావాలనే పెల్-మెల్ యుద్ధం కోరుకున్నాడు, ఎందుకంటే కలగాపులగం అయిపోయాక ఓడకు ఓడ తగులుకుంటే తన ఫిరంగి జట్ల వేగం గెలిపిస్తుందని తెలుసు. గెలిచాడు, ఆ యుద్ధంలోనే చచ్చాడు కూడా.

కలగాపులగం అన్నాను కదా. పులగం అంటే బియ్యం, పెసరపప్పు కలిపి వండేది. కలగూరగంప అంటే రకరకాల కూరలు పడేసిన గంప. ఇవి మనకున్న మెడ్లీలు. ఇంగ్లీషులో ఒకే వేరు వంటలోకీ యుద్ధంలోకీ చీలినట్టు, తెలుగులో 'కల' కూడా ఒకవైపు గంపలోకి, ఇంకోవైపు కలబడుడులోకి చీలింది. ఒకదాని నుంచి ఒకటి ఎరువు తెచ్చుకున్నది కాదు. మనుషుల గుంపును చూసి 'ఇది వంటలాగ కలిసిపోయింది' అని రెండుచోట్లా అనిపించింది, అంతే.

ఈ కుటుంబంలో అందరికన్నా దూరపు చుట్టం మస్టాంగ్ గుర్రం. అమెరికా పచ్చికబయళ్లలో తిరిగే ఆ అడవి గుర్రం పేరు స్పానిష్ 'మెస్తెంగో' నుంచి వచ్చింది, దానికి మూలం లాటిన్‌లో 'కలిసిపోయిన పశువులు' అన్న మాట. ఎవరి మందలోదో తెలియకుండా తప్పిపోయి వేరే మందలో కలిసిన పశువు. ఊళ్లో అయితే బందెలదొడ్లో పెట్టి, గుర్తు చెప్పినవాడికి ఇచ్చేవాళ్లు. మెలేలో కూడా జరిగేది అదే: మంద తప్పడం.

ఇక మెలే ఇరుగుపొరుగు మాటలు. వీటితో కలిపేస్తేనే వార్తలు చెడతాయి, కాబట్టి కొంచెం నిలబడి చూడాలి.

'అఫ్రే' చట్టం మాట. దీని మూలం చాలా బాగుంటుంది: లాటిన్ 'ఎక్స్', అంటే బయటికి, ఫ్రాంకుల భాషలో 'ఫ్రిద్', అంటే శాంతి. శాంతిలోంచి బయటికి లాగడం. భయపెట్టడం అన్న అర్థం అట్లా వచ్చింది, 'అఫ్రెయిడ్' కూడా దీని బిడ్డే. 'ఫ్రే' అన్నది దీన్నే తల నరికి వాడుకోవడం. మన చట్టంలో నిర్వచనం చూస్తే ఆ మూలార్థం అట్లే ఉంది: ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది బహిరంగ స్థలంలో కొట్లాడి ప్రజాశాంతికి భంగం కలిగిస్తే అఫ్రే. 1860 నాటి శిక్షాస్మృతిలో ఇది సెక్షన్ 159, శిక్ష 160: నెల వరకు జైలు, లేదా 100 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 194. జైలు అంతే, జరిమానా 1000 రూపాయలైంది. గమనించాల్సింది 'బహిరంగ స్థలం'. అన్నదమ్ములిద్దరూ ఇంట్లో తలుపులేసుకుని తలలు పగలగొట్టుకుంటే అది గాయపరిచిన నేరం అవుతుంది గానీ అఫ్రే కాదు. అదే కొట్లాట బజార్లోకి వస్తే అవుతుంది.

అయిదుగురైతే కథ మారుతుంది. చట్టం చెప్పిన ఏదో ఒక చెడు ఉద్దేశంతో అయిదుగురో అంతకన్నా ఎక్కువో చేరితే చట్టవిరుద్ధ సమూహం, సెక్షన్ 189. ఆ సమూహంలో ఎవరైనా ఆ ఉద్దేశం కోసం బలప్రయోగానికి దిగితే 'రయటింగ్', సెక్షన్ 191, రెండేళ్ల వరకు జైలు. దీన్నే మన పేపర్లు దొమ్మీ కేసు అంటాయి. దొమ్మి అచ్చమైన పాత తెలుగు మాట. దానికి గుంపు అన్న అర్థమూ ఉంది, సంకుల యుద్ధం అన్న అర్థమూ ఉంది. అర్థం చూస్తే మెలేకు అచ్చుగుద్దిన జోడీ. కానీ పోలీసు స్టేషన్ దాన్ని సెక్షన్ కింద కట్టేసుకుంది. ఇప్పుడు మెలే అని ఉన్నచోట 'దొమ్మి' అని రాస్తే కేసు పెట్టకముందే కేసు పెట్టినట్టవుతుంది. మంచి మాట, వాడలేం.

మెలే అన్నది మాత్రం ఏ సెక్షన్లోనూ లేదు. కానీ మెలే తెచ్చే చిక్కు చట్టానికి బాగా తెలుసు: అందరూ కలిసిపోయాక ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో చెప్పేదెట్లా? దానికి జవాబే సెక్షన్ 190, పాత 149. సమూహానికి ఒకే ఉద్దేశం ఉందని రుజువైతే, ఆ ఉద్దేశం కోసం ఒకడు చేసిన నేరానికి ఆ సమూహంలో ఉన్న ప్రతివాడూ బాధ్యుడే. దెబ్బ ఎవడిదో విడదీయనక్కర్లేదు. మరి అప్పటికప్పుడు, ముందు ఆలోచన లేకుండా రేగిన కొట్లాటలో ఒకడు చనిపోతే? పాత ఇంగ్లండు చట్టంలో దానికి 'చాన్స్ మెడ్లీ' అని పేరు. అనుకోకుండా జరిగిన కలబడుడులో చావు, పూర్తి హత్య కాదు. ఆ పేరు పాతబడిపోయింది గానీ ఆ ఆలోచన లాంటిదే మన చట్టంలోనూ ఉంది: పాత 300, ఇప్పటి 101 సెక్షన్ కింద నాలుగో మినహాయింపు. ముందస్తు పథకం ఉండొద్దు, అప్పటికప్పుడు మాటామాటా పెరిగి ఆవేశంలో జరిగినదై ఉండాలి, ఎదుటివాడి కన్నా అన్యాయంగా పైచేయి తీసుకుని గానీ క్రూరంగా గానీ చేసి ఉండొద్దు.

'ఫ్రాకా' ఇటాలియన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, మూలార్థం ఫెళ్లుమని విరగడం. అందులో చప్పుడు ఎక్కువ, దెబ్బలు తక్కువ. మనం లొల్లి అంటామే, అదీ. 'స్కఫుల్' నెట్టుకోవడం, ఇద్దరు చాలు. 'స్కర్మిష్' రెండు సైన్యాల చిన్న తాకుడు. ఇది నలిగి నలిగి 'స్క్రిమ్మేజ్', తర్వాత రగ్బీలో 'స్క్రమ్' అయింది. అదే స్క్రమ్‌ను ఫ్రెంచి వాళ్లు తమ రగ్బీలో ఏమంటారో తెలుసా? మెలే. 'డానీబ్రూక్' ఐర్లండులో డబ్లిన్ పక్కన ఒక ఊరు. 1204లో రాజు అనుమతితో మొదలైన సంత, తాగుడుకూ తన్నులాటలకూ ఎంత పేరుపడిందంటే ఊరిపేరే కొట్లాటకు పేరైపోయింది. 1855లో సంత మూతపడింది, మాట మిగిలింది.

ఇప్పుడు అసలు పని: తెలుగులో ఏం రాయాలి? మెలే అన్న ఒక్క మాట చూసి నిర్ణయించొద్దు. దాని ముందు వెనుక వాక్యాల్లో మూడు చూడాలి. పక్షాలు ఉన్నాయా? చేతులు తగిలాయా? కాళ్ల కింద మనిషి పడ్డాడా?

పక్షాలు లేకుండా జనం ఒకవైపుకే ఎగబడితే తోపులాట. పాలమూరు కురుమూర్తి జాతరలో ఉద్దాలను, అంటే స్వామి పాదుకలను తాకడానికి వేలమంది ఒక్కసారి ముందుకు వస్తారు. అక్కడ ఎవరికీ ఎవరిమీదా పగ లేదు, అందరి చెయ్యీ స్వామి ఉద్దాల మీదికే. ఇంగ్లీషు విలేకరి దాన్ని మెలే అన్నా తెలుగులో అది కొట్లాట కాదు. ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర టోకెన్ల కోసం జరిగేదీ ఇదే.

అదే తోపులాటలో మనుషులు కిందపడి, మీద నుంచి జనం నడిచిపోతే అప్పుడే తొక్కిసలాట. దీనికి ఇంగ్లీషులో వేరే మాట ఉంది, 'స్టాంపీడ్'. మెలే అన్నచోట తొక్కిసలాట అని రాయడం అన్నిటికన్నా ప్రమాదం. పెద్దగట్టు జాతరకో చెర్వుగట్టు జాతరకో పోయినవాళ్ల ఇళ్లల్లో ఆ ఒక్క మాట చూసి ఫోన్లు మొదలవుతాయి. కిందపడ్డవాళ్లు ఉన్నారని తేలేదాకా ఆ మాట ముట్టుకోవద్దు.

పక్షాలు ఉండి, చేతులు తగిలితే కొట్లాట, కలబడ్డారు, బాహాబాహీ. బాహాబాహీ అంటే చేతులతో, ముష్టాముష్టి అంటే పిడికిళ్లతో, కేశాకేశి అంటే జుట్టూ జుట్టూ పట్టుకుని. కర్రలు, కుర్చీలు ఎగిరాక బాహాబాహీ అనడం అర్థం తెలియని వాడుక. పక్షాలు ఉండి చేతులు తగలకపోతే వాగ్వాదం, దానికి మెలే అని ఇంగ్లీషువాడే అనకూడదు. దూరంనుంచి రాళ్లు రువ్వుకున్నా మెలే కాదు. మధ్యలో ఖాళీ ఉన్నంతసేపు ఎవరు ఎటో తెలుస్తూనే ఉంటుంది. ఆ ఖాళీ చెరిగిపోయి ఒకరిలో ఒకరు దూరాకే మెలే.

'ఘర్షణ' అన్నది సబ్ ఎడిటర్ల కామధేనువు. ఏదడిగితే అది ఇస్తుంది కాబట్టి ఏదీ చెప్పదు. ఇద్దరు కౌన్సిలర్లు మైకు లాక్కున్నా ఘర్షణే, రెండు ఊళ్లు గొడ్డళ్లు పట్టినా ఘర్షణే. 'అల్లర్లు' అయితే ఊరు ఊరంతా తగలబడుతున్నట్టు. ఇక ఏమీ తేలనప్పుడు, 'ఇన్ ది మెలే' అన్నది కేవలం సందర్భం చెప్పడానికే వచ్చినప్పుడు (ఫోను పోయింది, కళ్లద్దాలు పగిలాయి, మెళ్లో గొలుసు మాయమైంది) 'ఆ గందరగోళంలో' చాలు. మాట్లాడే భాషలో అయితే 'ఆ గత్తరల', 'ఆ ఆగమాగంల' అంటే ఇంకా సూటిగా తగులుతుంది. గత్తర అంటే కలరా. ఊరికి గత్తర వస్తే జనం ఎట్లా చెల్లాచెదరయ్యేవాళ్లో, ఆ అర్థమే కంగారుకు అంటుకుంది. పంచాయితి మాత్రం జాగ్రత్తగా వాడాలి. మన దగ్గర 'ఆడ పెద్ద పంచాయితయింది' అంటే గొడవ అయిందని. కృష్ణ దాటి అవతలి చదువరికి పెద్దమనుషులు కూచుని తీర్పు చెప్పారని అర్థమవుతుంది.

ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఒక మాట. మెలే నామవాచకం, క్రియ కాదు. మెలే 'బ్రోక్ అవుట్' అవుతుంది, 'ఎన్‌స్యూ' అవుతుంది, మనిషి మెలే చేయడు. ఇద్దరి మధ్య మెలే ఉండదు, ఇద్దరైతే ఫైట్ అనో స్కఫుల్ అనో రాయాలి. 'ఎ మెలే బిట్వీన్ టూ మెన్' అని రాస్తే ఇద్దరితో సంకుల సమరం చేయించినట్టు.

కొట్లాట వాసన బొత్తిగా లేని మెలే ఒకటి బంగారం దుకాణాల్లో ఉంది. వజ్రాల వ్యాపారంలో సుమారు 0.20 క్యారెట్ లోపు చిన్న రాళ్లను మెలే అంటారు. ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు కాబట్టి, 40 మిల్లీగ్రాముల లోపు రాయి. వీటిని ఒక్కోటిగా కాకుండా, జల్లెళ్లతో సైజు చూసి పొట్లాలుగా లెక్కకట్టి అమ్ముతారు. ఉంగరంలో నడిమి పెద్ద రాయి చుట్టూ మెరిసేవి ఇవే. చిక్కల్లా పొట్లంలోనే. వంద సహజమైన రాళ్లలో నాలుగు ల్యాబులో చేసినవి పడ్డాయంటే కంటితో ఏరలేరు, యంత్రంలో పెట్టి చూడాల్సిందే. కలిసిపోయినది అన్న పేరు అక్కడ మరీ ఎక్కువగా నిజమవుతుంది.

పిల్లలకు మాత్రం ఈ మాట పేపర్ నుంచీ వజ్రాల నుంచీ రాలేదు, ఫోన్లో ఆట నుంచి వచ్చింది. తుపాకులతో ఆడే బీజీఎంఐలో 'మెలే వెపన్' అని ఒక గడి ఉంటది, గల్లీల్లో దాన్ని 'మిలీ' అనే పిలుస్తారు. అందులో మామూలుగా ఉండేవి: పెనం, కొడవలి, గునపం లాంటి ఇనుప కడ్డీ, పొడుగాటి కత్తి. ముఖ్యంగా ఎదుటివాడి మీదికి పోయి కలబడటానికి పనికొచ్చే సామాన్లు. వాటిలో పెనానికే గిరాకీ ఎక్కువ. వీపుకు తగిలించుకుంటే వెనుక నుంచి వచ్చే తూటా దానికి తగిలి టంగుమని ఆగిపోతది.